సంతకం పెట్టని పెట్టె

వరప్రసాద్ కంప్యూటర్ డబ్బాను గుమ్మం బయట స్టూలు మీద పడుకోబెట్టి, బ్లోయర్‌తో దుమ్ము ఊదుతున్నాడు. ముందు బూడిదరంగు దుమ్ము లేచింది. ఆ తర్వాత ఎర్రగా లేచింది. అది కుంకుమ. శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఇంటి కంప్యూటర్ తెరిచినా ఇదే వరస. దసరా నాడు బండికీ, ట్రాక్టరుకీ, కంప్యూటర్‌కీ ఒకే చేత్తో బొట్లు పెడతారు. అదీ సరిగ్గా గాలి పీల్చే జల్లెడ మీదే పెడతారు. లోపలి ఫ్యాను ఎనిమిది దసరాల పుణ్యాన్నీ పీల్చుకుని బిగుసుకుపోయింది.

నెత్తిమీదుగా ఒక విమానం ఇళ్లను రాసుకుంటున్నంత కిందికి దిగింది. అతను తలెత్తి చూడలేదు.

యాభై ఆరేళ్ల మనిషి. బస్టాండు వెనక సందులో, మెట్ల కింద అతని కొట్టు. నిటారుగా నిలబడితే తల తగులుతుంది కాబట్టి పన్నెండేళ్లుగా వంగే పనిచేస్తున్నాడు. ఇప్పుడు ఆరుబయట కూడా వంగే నడుస్తాడు. తణుకు నుంచి డిప్లొమా చేతబట్టుకుని వచ్చినప్పుడు కంప్యూటర్ నేర్చినవాడికి కొదవేముందన్నారు. ఊళ్లో అందరూ ఆ మాటే అన్నారు, అతనూ నమ్మాడు. ఇప్పుడు జనం ఫోన్లు కొంటున్నారు. ఇతని దగ్గరికి ఆధార్ జిరాక్సుకి వస్తున్నారు.

డబ్బాను లోపలికి తెచ్చి బల్లమీద పెట్టి, ఒక్కో భాగమే ఊడదీశాడు. ర్యామ్ మీద నల్ల మార్కరుతో సంతకం: అరవింద్. హార్డ్ డిస్కు మీద అరవింద్. మదర్‌బోర్డు అంచున, ఇరుకులో, చిన్నగా అరవింద్.

ఈ వీధిలో రిపేరుకిచ్చే ప్రతివాడూ ఇలా సంతకం పెడతాడు, మెకానిక్కు మంచి సామాను నొక్కేసి పాతది బిగిస్తాడన్న భయంతో. వరప్రసాద్ దానికి నొచ్చుకునే రకం కాదు. తనే ఒక మార్కరుకి దారం కట్టి కౌంటరుకి వేలాడదీశాడు. నిజాయితీకి బోర్డు పెట్టినట్టు.

ఎనిమిదేళ్ల కిందట ఆ మార్కరు పట్టుకుని నిలబడినవాడే అరవింద్. కొత్వాల్‌గూడ మొగులయ్య కొడుకు. ఎయిర్‌పోర్టు కార్గోలో పెట్టెలు మోసి, తొలి జీతాలు కూడబెట్టి, ఆటలాడే కంప్యూటర్ కట్టించుకోవడానికి వచ్చాడు. తక్కువలో తక్కువ సామాను. అయినా ఒక్కొక్కటీ అటూ ఇటూ తిప్పిచూసి సంతకం పెట్టాడు. చివరికి, లోపల అన్నిటికీ కరెంటిచ్చే పెట్టె, పవర్ సప్లై దగ్గరికొచ్చేసరికి మార్కరుకి మూత పెట్టేశాడు.

"దీనికెందుకులే అన్నా. పొద్దటిసంది చూస్తున్న గదా నిన్ను. నమ్మకం కుదిరింది."

ఆ రాత్రే, అరవింద్ డబ్బా వదిలి వెళ్లాక, వరప్రసాద్ కొత్త పెట్టె తీసేసి, ఎవరిదో కాలిపోతే తను బాగుచేసిన పాతదాన్ని రంగు కొట్టి బిగించాడు. కొత్తది అమ్ముకున్నాడు. ఆ వారం కూతురు బిందు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉంది. అదే కారణమని ఎనిమిదేళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్నాడు. బిందు పది రోజుల్లో లేచి తిరిగింది. కారణం మాత్రం ఇంకా మంచం దిగలేదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. ఇతను దొరకలేదు. దొరా కాలేకపోయాడు.

నిన్న మొగులయ్య ఆ డబ్బాను దుప్పటిలో చుట్టి, బండి మీద తానే పట్టుకొచ్చాడు. అరవింద్‌కి రెండు కిడ్నీలూ పోయి ఏడాదైందట. పని మానేశాడు. వారానికి మూడుసార్లు దవాఖాన.

"దోస్తులతోని ఆ ఆటొక్కటే మిగిలింది సారూ వానికి. అండ్ల ఉరుకుతడు, దునుకుతడు. కని ఆట మంచిగ నడిచేటప్పుడే ఇది ఆరిపోతది. వీడు నడుమల పోతడని దోస్తులు పిలుసుడే బంద్‌ జేసిండ్రు. శుక్కురారం రక్తం కడుగుతరు. శనివారం జర పానం తేలికైతది, గప్పుడు ఆడ్తడు. కొత్తది కొనిస్తనంటె వద్దన్నడు. వరప్రసాదన్న తానికే తీస్కపో, ఆయినె మంచిగ జేస్తడన్నడు."

"శనివారానికి ఇచ్చేస్తానండీ," అన్నాడు వరప్రసాద్.

ఆ ఆరిపోవడం ఎందుకో లోకంలో అతనొక్కడికే తెలుసు. ఆట బరువై కరెంటు ఎక్కువ లాగగానే ఆ రంగు పూసిన పెట్టె చేతులెత్తేస్తుంది.

ఇవాళ శుక్రవారం. పొద్దుట్నుంచీ అతను ఇంకో పని ముట్టలేదు. ర్యామ్ రెట్టింపు చేశాడు. పాత డిస్కు తీసి కొత్తరకం వేగమైన డిస్కు పెట్టి, అరవింద్ దాచుకున్నవన్నీ అందులోకి ఎక్కించాడు. బాగున్న సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు బిగించాడు. పవర్ సప్లై మాత్రం తన కొట్టు కంప్యూటర్లోంచి ఊడదీసి పెట్టాడు. దాన్ని మించింది ఈ వీధిలో లేదు. కొట్టు కంప్యూటర్ నోరు తెరుచుకుని మూల కూర్చుంది. జిరాక్సుకి వచ్చిన ఇద్దరిని వెనక్కి పంపాడు. భార్య రత్నమాల కట్టిచ్చిన క్యారియర్ మూత తీయలేదు.

మూడింటికి ఆట తెరిచాడు. గంటసేపు పూర్తి బరువుతో నడిపించాడు. ఆరలేదు. ఫ్యాను చప్పుడు కూడా మెత్తగా ఉంది. చాలా ఏళ్ల తర్వాత తన చేతుల మీద తనకి కొంచెం గౌరవం కలిగింది. రేపు తనే కొత్వాల్‌గూడ తీసుకెళ్లి, అరవింద్ ముందు పెట్టి, ఉన్నమాట చెప్పేద్దామనుకున్నాడు. తిట్టనీ. కొట్టనీ.

తెర మూల ఒక మాట మెరిసింది. ఆటలో అరవింద్ పేరు వెలగడం చూసి ఎవరో దోస్తు పంపింది: "వచ్చినవారా? రేపు ఆడుదాం. ఈసారి నడుమల పోకురా."

అది చదివి నవ్వుకుంటుండగానే ఫోను మోగింది. మొగులయ్య.

"సారూ, జల్ది చేసే పని లేదిగ. దవాఖానకు పోదామని అంగి తొడిగినం. కుర్సీల కూసున్నోడు కూసున్నట్లె పాయె. పదింటికి."

వరప్రసాద్ లేచి నిలబడ్డాడు. తల మెట్లకి తగిలింది. ఓదార్చాల్సిన చోట పని సంగతి ఎత్తాడు.

"మొగులయ్యగారూ, ఇందులో కరెంటిచ్చే పెట్టె మార్చానండీ. మొదట్నుంచీ అదే బాగాలేదు. నేనే..."

"నీదేం తప్పున్నది సారూ." ఆ గొంతు ఎంత మర్యాదగా ఉందంటే, వినడం కష్టమైంది. "మా ఇంట్ల కరెంటే మంచిది గాదు. వాడూ గదే అంటుండె. నిన్ను పరేషాన్ జేసినం."

ఫోను పెట్టేసిన చప్పుడైంది. ఆ క్షమాపణ వరప్రసాద్‌కి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఇక చెప్పుకోవాల్సిన మనిషి లేడు. చెప్పినా తీసుకునేవాడు లేడు. ఏ దేవుడికి మొక్కినా ఈ రిపేరు జరగదు.

అతను డబ్బా ఆపి, మూత బిగించి, మొగులయ్య తెచ్చిన దుప్పటిలోనే చుట్టాడు. కౌంటరు దగ్గరికొచ్చి మార్కరు మూత తీశాడు. ఊడదీసిన పాత పెట్టె మీద ఏం రాయాలో తోచలేదు. మూత పెట్టేసి, చెప్పులేసుకుని, దుప్పటి మూట భుజానికెత్తుకుని, షట్టరు సగం దించి, కొత్వాల్‌గూడ వైపు వంగి నడిచాడు.

కౌంటరు మీద, దారానికి వేలాడే మార్కరు పక్కన, రంగు పెచ్చులూడిన ఆ పాత పెట్టె మిగిలింది, ఏ వైపు తిప్పినా ఎవరి పేరూ లేకుండా.