సిపాయి వెనక చోటు

త్రిమూర్తులు గురువారం పొద్దున నిద్ర లేచేసరికి బూడిద రంగులో ఉన్నాడు. జుట్టు, గోళ్లు, బనీను, లుంగీ మీది గళ్లు అన్నీ ఒకటే బూడిద. కళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, తెల్లటి గుడ్డులో నల్లటి చుక్కతో. నోరు తెరుచుకుని ఉంది. పేస్టు వేసిన బ్రష్షు లోపల పెట్టబోతే గోరు లోతునే అడుగు తగులుతుంది. నాలుగుసార్లు ప్రయత్నించి, బ్రష్షు కడిగి, గ్లాసులో పెట్టేస్తాడు.

"అమ్మాజీ, నేను గాని బూడిద రంగులో ఉన్నానేంటి?" అని అడుగుతాడు. నోరు కదలదు గానీ మాట మామూలుగానే వస్తుంది.

"ఉన్నారండి," అంటుంది అమ్మాజీ.

"నయమే. మాసినా తెలీదు."

పెళ్లయి పదిహేడేళ్లయింది. ఇంట్లో దొంగలు పడితే వాళ్లకు మంచినీళ్లిచ్చి, ఏ ఊరు బాబూ అని అడిగే రకం త్రిమూర్తులు. అతనికి భయం వెయ్యకపోవడం చూసి అమ్మాజీకి మరింత భయం వేస్తుంది. ఎందుకంటే ఆ బూడిద ఏ డబ్బాలోదో ఆమెకు తెలుసు.

కాకినాడ జగన్నాథపురంలో వాళ్లది మేడ మీద వాటా. ముందు గదిలో, కిటికీ పక్క బల్ల మీద, సీసా మూతకు జిగురుతో అంటించిన సిపాయి ఒకడున్నాడు. బొటనవేలంత మనిషి. బల్ల మీద సైన్యాలు పరిచి, పాచికలు వేసుకుంటూ ఆడే యుద్ధం ఆట ఒకటుంది. అందులో రాక్షసులుంటారు, రెక్కల గుర్రాలుంటాయి, భూమ్మీద ఎక్కడా లేని రాజ్యాల సిపాయిలుంటారు. ఆ బొమ్మలు రంగు లేకుండా వస్తాయి. ఆడేవాళ్లలో చాలామందికి రంగులు వేసే ఓపిక ఉండదు, అమ్మాజీకి ఉంది. బెంగుళూరు నుంచి ఒకాయన నలభై మందిని పంపించాడు. ముప్ఫై తొమ్మిది మంది పూర్తయి అలమర పై అరలో బారులు తీరి నిలబడ్డారు. నలభయ్యోవాడు వాళ్ల సేనాని. వీపు మీద దుప్పటిలాంటి అంగీ, కుడిచేతిలో పైకెత్తిన ఈటె, కేక వేస్తూ తెరిచిన నోరు. శనివారం పదకొండింటికి కొరియరతను వస్తాడు.

అమ్మాజీ పుట్టింటివాళ్లు దేవుడి వాహనాలకు రంగులు వేసేవాళ్లు. ఎన్ని వాహనాలు చేసినా వాళ్ల నాన్నది ఒకటే పట్టింపు. కళ్లు చివర్న పెట్టాలి. ఎదురుగా అద్దం నిలబెట్టి, తను బొమ్మ వెనక నక్కి, చెయ్యి మాత్రం ముందుకు చాచి, అద్దంలో చూస్తూ నల్లగుడ్డు దిద్దాలి. కళ్లు తెరిచిన బొమ్మ మొట్టమొదట దేన్ని చూస్తే తాను అదే అనుకుంటుంది. కాబట్టి అది తననే చూసుకోవాలి. దిద్దేవాళ్ల చెవి తమ్మె కూడా దాని కంట పడకూడదు. దిద్దడం అయిందని చెప్పగానే రెండోవాళ్లు దాని ముఖం మీద గుడ్డ కప్పుతారు. "ఇంకా వంగు," అనేవాడు నాన్న, గరుడ వాహనం వెనక పదేళ్ల అమ్మాజీ వీపు మీద అరచెయ్యి ఆనించి. "ఇంకా."

ముప్ఫై తొమ్మిది మందికీ అలాగే కళ్లు పెట్టింది, బొట్టు అద్దం ఎదురుగా ఆనించి, వెనక నుంచి చెయ్యి చాచి. ఒక్కొక్కడు పూర్తయినప్పుడల్లా ఒళ్లు కాస్త తేలికయినట్టుండేది. పని తెమిలిన తేలిక అనుకుంది. డాబా మీద ఆరేసిన చీరలు ఒక్కొక్కటీ కనపడకుండా పోతున్నది కూడా అప్పటినుంచే. గాలికి ఇంటి వెనక కాలవలో పడుతున్నాయని త్రిమూర్తులు తేల్చేశాడు. ఆమె డజను క్లిప్పులు కొనుక్కొచ్చింది.

నలభయ్యోవాడి దగ్గర తప్పు జరిగింది. ఈ బొమ్మల పనివాళ్లు కళ్లు ముందే పెడతారట. చుట్టుపక్కల అంటిన తెలుపూ నలుపూ తర్వాత ఒంటి రంగుతో కప్పెయ్యొచ్చు, పని చకచకా సాగుతుంది. బెంగుళూరాయన వీడియో కూడా పంపించాడు. రోజులా తక్కువున్నాయి, పద్ధతి చూస్తే సబబుగానే ఉంది. బుధవారం మధ్యాహ్నం బూడిద రంగు పూత ఆరగానే, అద్దం లేకుండా, సన్నటి కుంచెతో రెండు చుక్కలు పెట్టేసింది. సరిగ్గా అప్పుడే త్రిమూర్తులు భోజనానికి వచ్చి, బల్లకు అవతల నిలబడి, మజ్జిగలో ఉప్పు వేశావా అని అడిగాడు. కుంచె పైకెత్తి చూస్తే సిపాయి అతన్నే చూస్తున్నాడు.

ఇక రంగు ముట్టుకోకూడదని అమ్మాజీ గట్టిగా అనుకుంటుంది. సిపాయి మీద స్టీలు గ్లాసు బోర్లిస్తుంది.

మధ్యాహ్నం త్రిమూర్తులు కంచం ముందు కూర్చుంటాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటే గోరు లోతున ఆగి, జారి మళ్లీ కంచంలోనే పడుతుంది. అయిదు ముద్దలు అలాగే పడతాయి. పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా దిగలేదని, డ్రైవింగు స్కూల్లో నేర్చుకోవడానికొచ్చిన వాళ్లను కూర్చోబెట్టి కారు నడుపుతుంటే బ్రేకు కాలికి ఆనడం లేదని చెబుతాడు. ఫిర్యాదులా కాదు, వార్తలా చెబుతాడు.

"ఆకలేస్తోంది, అమ్మాజీ," అంటాడు చివరికి.

ఆమె గ్లాసు తీస్తుంది. సిపాయి నోటి గుంటలో ముదురు ఎరుపు నింపి, దానిమీద వెంట్రుకంత గులాబీ రంగు నాలుక పెడుతుంది. రంగు ఆరేలోపు త్రిమూర్తులు మూడుసార్లు అన్నం వడ్డించుకుంటాడు. నోరు మూసుకోకుండానే తింటాడు. బూట్లకు గోధుమరంగు వేస్తుంది, అతని కాళ్లకు బ్రేకు తగలాలిగా. సాయంత్రానికి అతని పాదాలు తోలువైపోయి, గచ్చు మీద టకటకమంటాయి. ఏ భాగానికి రంగు పడితే ఆ భాగం పనిచేస్తుంది, అక్కణ్ణుంచి ఆ భాగం సిపాయిది అవుతుంది. వెయ్యకపోతే మనిషి పస్తు పడుకోవాలి, వేస్తే మనిషి మిగలడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టుంది ఆమె పని.

శుక్రవారం చేతులకు రంగు వేస్తుంది. త్రిమూర్తులు కుడిచెయ్యి పైకి లేచి, ఇక దిగదు. ఆ చెయ్యి చూసి రోడ్డు మీద సిటీ బస్సులు ఆగుతాయి. పాపం వాళ్లు ఆపారు కదా అని అతను ఒకటి ఎక్కి సర్పవరం దాకా వెళ్లి వస్తాడు. తిరిగొచ్చేసరికి కాళ్ల కింద, బొమ్మకున్నట్టే, గుండ్రటి నేల బిళ్ల ఒకటి ఏర్పడి ఉంటుంది, అంచున నల్లగా, మీద రెండు గడ్డిపరకలతో. అతను ఎటు కదిలితే అదీ అటు జరుగుతుంది. గుమ్మంలో పట్టదు. పక్కకు ఒరిగించి లోపలికి తీసుకురావలసి వస్తుంది.

"నేను ఎక్కడికైనా వెళ్లాలా, అమ్మాజీ?" అని అడుగుతాడు. "రేపు పదకొండింటికి వెళ్లాలని ఊరికే అనిపిస్తోంది."

కొరియరతను వచ్చేది ఆ వేళకే. పదిహేడేళ్లుగా ఈ మనిషి పక్కన ఉన్నాడు కాబట్టే ఇల్లు ఇల్లులా ఉందని, అతను అట్టపెట్టెలో దూదిలో పడుకుని బెంగుళూరు వెళ్లిపోతే తను బతకలేనని ఆమెకు స్పష్టంగా తెలుస్తుంది. సామర్లకోటలో ఉన్న మేనత్త సూరాయమ్మకు ఫోను చేస్తుంది. నాన్న పోయాక ఆ పని తెలిసినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే.

"అద్దం లేకుండా కళ్లెట్టేశావా?" అంటుంది సూరాయమ్మ. "ఎవర్ని సూసిందది?"

"మీ అల్లుణ్ణి, అత్తా."

"తుడిసెయ్యకు. తుడిస్తే అతనికీ పోతాయి. అద్దమెట్టి, ఎనకమాల నక్కి, మళ్లీ దిద్దు. వార్నీషు పడకముందే సెయ్యాలి. పడ్డాక అతను నీ మొగుడు కాడు."

సిపాయి బొటనవేలంతే ఉన్నాడని, వాడి వెనక ఎలా నక్కాలని అమ్మాజీ అడుగుతుంది.

"మీ నాన్న ఏవనేవోడు?"

"ఇంకా వంగమనేవాడు."

"మరింకేం."

మిగతావాటి సంగతేమిటని సూరాయమ్మ అడుగుతుంది. ముప్ఫై తొమ్మిదింటికీ అద్దం పెట్టే దిద్దానని అమ్మాజీ చెబుతుంది.

"వాటెనకాల పట్టావా?" అంటుంది సూరాయమ్మ మెల్లగా. ఆ వెంటనే ఫోను పెట్టేస్తుంది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి బల్ల మీద బొట్టు అద్దం నిలబడుతుంది. సిపాయి ఇంకా దాన్ని చూడలేదు, మధ్యలో ఒక పోస్టుకార్డు అడ్డం పెట్టి ఉంది. త్రిమూర్తులు చెయ్యెత్తుకుని బల్ల పక్కన నిలబడతాడు. ఇప్పటికి మెడ కూడా తిరగదు. అతని ఎడమచేతిలో చేతిరుమాలు పెట్టి, తను చెప్పగానే కార్డు తీసెయ్యమని, దిద్దడం అయిందని చెప్పగానే రుమాలు సిపాయి ముఖం మీద కప్పమని, చెప్పకుండా మాత్రం కప్పొద్దని అమ్మాజీ రెండుసార్లు బోధిస్తుంది. సగంలో కప్పితే అతనికి ఒక కన్నే మిగులుతుంది.

"నువ్వు చెప్పేదాకా కదలను," అంటాడు త్రిమూర్తులు. అతను మాటంటే మాటే.

ఆమె సిపాయి వెనక్కు వెళ్లి వంగుతుంది. అద్దం అంచున తన నుదురు కనపడుతుంది. ఇంకా వంగుతుంది. నుదురు పోయి పాపిడి కనపడుతుంది. మోకాళ్ల మీద వంగుతుంది, వీపు గుండ్రం చేసి వంగుతుంది, ఊపిరి వదిలేసి ఆ ఖాళీలోకి వంగుతుంది. కిటికీ వీధి చివరిదాకా జరుగుతుంది. గోడలు దూరం జరిగి, వాటి మధ్య మబ్బు పడుతుంది. ఎవరో వీపు మీద అరచెయ్యి ఆనించినట్టే ఉంటుంది. చెవి తమ్మె కూడా కనపడనంత వంగేసరికి ఆమె బల్ల మీద, సిపాయి అంగీ మడతల వెనక కూర్చుని ఉంది. అంగీకి తను వేసిన నీలం రంగులో కుంచె గీతలు దుక్కి చాళ్లలా కనిపిస్తున్నాయి. పచ్చి రంగు వాసన వస్తోంది. ఆమెకు చచ్చేంత భయంగా ఉంది.

"తియ్యండి," అంటుంది.

అప్పుడే వంగడం పూర్తయింది కాబట్టి, గొంతులో ఇంకా కొంచెం పెద్దతనం మిగిలి ఉంది. త్రిమూర్తులుకు వినపడుతుంది. కార్డు ఇంటికప్పులా లేచిపోతుంది. ఎదురుగా చెరువంత అద్దం. అందులో సిపాయి ఒక్కడే ఉన్నాడు. ఆమె వాడి మోచేతి కింద నుంచి చెయ్యి చాచి, భుజం మీద ఆనించి, కుడి కన్ను దిద్దుతుంది. ఎడమ కన్ను దిద్దుతుంది. సిపాయి తనను తాను చూసుకుంటాడు. వాడి ఒంట్లో ఏదో సర్దుకున్న చప్పుడు ఆమె బుగ్గకు తగులుతుంది.

"అమ్మాజీ, చెయ్యి దిగింది," అంటాడు త్రిమూర్తులు, ఆకాశం అంత ఎత్తు నుంచి. అతని గొంతులో సంతోషం ఆమెకు ఉరుములా వినపడుతుంది. "నోరు కూడా మూసుకుంది. ఇదిగో, చామనఛాయ. కాళ్ల కింద బిళ్ల కూడా పోయింది."

ఆమెకు ఏడుపొస్తుంది. పదిహేడేళ్లలో ఆ గొంతు ఇంత బాగుంటుందని ఎప్పుడూ అనిపించలేదు.

"అయిపోయిందండి, కప్పండి," అంటుంది.

పైన ఏమీ కదలదు. ఆమె మళ్లీ అంటుంది, గొంతు చించుకుని అంటుంది. మాట సిపాయి మడమ దాకా వెళ్లి ఆగిపోతుంది. త్రిమూర్తులు రుమాలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆమె చెప్పలేదు కాబట్టి కప్పడు. కప్పకపోతే సిపాయి చూపు అద్దం మీద నుంచి మరలదు. మరలనంతసేపూ ఆమె బయటికి రాకూడదు. ఒక్క కొంగు అంచు కనపడినా దిద్దినదంతా వృథా, మళ్లీ బూడిద రంగుతో మొదలు.

పదిన్నర వరకు అతను అలాగే నిలబడతాడు. మధ్యమధ్య "అమ్మాజీ?" అని పిలుస్తాడు. ఆ తర్వాత వంటింట్లో చూసొస్తాడు, డాబా మీద చూసొస్తాడు. పదకొండింటికి కొరియరతను గంట కొడతాడు. మా ఆవిడ ఇప్పటిదాకా ఇక్కడే ఉంది, ఏ కొట్టుకో వెళ్లుంటుంది, మీరు కూర్చోండి అని త్రిమూర్తులు అతనికి మంచినీళ్లిస్తాడు. ఆమె మాట పోకూడదని, మూడువారాల కష్టం ఆగిపోకూడదని, అట్టపెట్టె దించి తనే సర్దడం మొదలుపెడతాడు. అంత శ్రద్ధగా అతను ఏ పనీ చేసి ఉండడు. అలమర నుంచి ముప్ఫై తొమ్మిది మందినీ ఒక్కొక్కణ్ణే తెచ్చి, దూది గూళ్లలో నిలబెడతాడు.

చివరికి సీసా మూతతో సహా నలభయ్యోవాణ్ణి ఎత్తుతాడు. అమ్మాజీ రెండు చేతులతో అంగీ పట్టుకుని వేలాడుతుంది. అతని బొటనవేలు పక్కనే, కొండలా, వెచ్చగా వెళుతుంది. దాని గీతలన్నీ ఆమెకు తెలుసు.

సిపాయి దూదిలో దిగబడతాడు. పెట్టె మూత సగం వాలుతుంది. మిగిలిన వెలుతురులో అమ్మాజీ పక్కవరస చూస్తుంది. ప్రతి సిపాయి వెనకా ఒక ఆడమనిషి చేత్తో కుంచె పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వంగి కూర్చుని ఉంది. ఒకామె నెమలికంఠం చీరలో ఉంది, ఒకామె మామిడిపిందెల అంచు చీరలో ఉంది. డాబా మీద నుంచి పోయిన చీరలే అన్నీ. ముప్ఫై తొమ్మిది మందికీ ఆమె ముఖమే. ఎవరూ ఏడవడం లేదు. పెదాల మీద వేళ్లు పెట్టుకుని, మాట్లాడొద్దని ఆమెకు సైగ చేస్తున్నారు.

మూత మీద టేపు చరచరా సాగుతుంది. బయట త్రిమూర్తులు అట్ట మీద వంగి, అడ్రసు రాసిన చోట ఊది ఆరబెడుతున్నాడు. దగ్గరున్న చిలకపచ్చ చీరామె కాస్త జరిగి చోటిస్తుంది. చీకట్లోనే చెయ్యి చాచి, అమ్మాజీ వీపు మీద అరచెయ్యి ఆనిస్తుంది.

"ఇంకా వంగు," అంటుంది.