కొసరు డబ్బా పగ

నేను ఒక కొసరు డబ్బాను. పోతురేవులో ఐసు కొన్నవాళ్లకు, కొన్నదాని మీద ఉత్తినే ఇంకాస్త ఐసుపొడి వేస్తారు చూడండి, దాన్ని నాతోనే పోసేవారు. మనుషులు నన్ను చూసి గౌరీపతిది ఎంత దానగుణమో అనుకునేవారు. దానగుణమా, గాడిదగుడ్డా! ఎదురింటి వాడంటే ఉన్న భయం తప్ప అందులో ఇంకేమీ లేదు.

పుట్టుకతో నేను పామాయిలు డబ్బాని. ఖాదరు అనే రేకుపనివాడు నన్ను అడ్డంగా కోసి, అంచు మడిచి, కొయ్యపిడి బిగించాడు. అదంతా ఎందుకు జరిగిందంటే, రేవులో ఉన్నవి రెండే ఐసు ఫ్యాక్టరీలు. రోడ్డుకి ఈ పక్క గౌరీపతిది, ఆ పక్క ధర్మారావుది. ఇవి కాదంటే ఐసు పట్నం నుంచి రావాలి. లారీ ఎక్కింది ఐసే అయినా దిగేసరికి సగం నీళ్లే మిగులుతాయి. ఒకరోజు ధర్మారావు కొసరు కోసం చిన్న గంప పెట్టాడని తెలిసి గౌరీపతికి ఒళ్లు మండింది. ఆ మంటలోంచి పుట్టినదాన్ని నేను. వాడు గంప నిండా పోస్తే వీడు నన్ను పోగుపెట్టి పోసేవాడు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకునేవారు, రేవు మాత్రం చల్లగా ఉండేది.

అందరిలోనూ నాకు దగ్గరిది అసిరమ్మ. ఒడ్డున వేలంపాటలో చేపలు పాడుకుని, పెట్టెల్లో సర్ది, ఆటోలో పట్నం తీసుకెళ్లి పెళ్లి వంటవాళ్లకు అమ్మేది. కొన్న ఐసు చేపల అడుక్కీ మధ్యకీ సరిపోయేది. పైవరస మీద పరిచేది కొసరే. మూత తియ్యగానే కనబడేది ఆ పైవరసే కదా, అంటే అసిరమ్మ పరువు నా చేతిలో ఉండేదన్నమాట. "అసిరమ్మ పెట్టె అయితే మూత తీసి చూడక్కర్లేదు" అని వంటవాళ్లు చెప్పుకునేవారు. ఆ మాట ఆమె చెవిన పడ్డ రోజున నడకే మారిపోయేది.

ఇలా ఉండగా ఆ ఇద్దరు శత్రువులూ ఒక్కటయ్యారు. రెండు ఫ్యాక్టరీలు కలిపి ఒకే కంపెనీ చేసుకుంటామని ఢిల్లీకి దరఖాస్తు పెట్టారు. ఇలాంటివి కలిస్తే పోటీ బతుకుతుందా చస్తుందా అని తేల్చే సర్కారు ఆఫీసు ఒకటి అక్కడ ఉంది. అది సరేననేదాకా ఎవరి వ్యాపారం వాళ్లు చేసుకోవాలి. కానీ ఆశకు ఆగడం ఎక్కడ తెలుసు? దరఖాస్తు మీద సిరా ఆరకముందే కొసరు బంద్ అయింది. "ఇంక దీంతో పనేటి?" అంటూ గౌరీపతి నన్ను కాలితో తన్నాడు. తుప్పు పట్టిన గొట్టాల మధ్య వెళ్లి పడ్డాను.

నాకు ఆ తన్ను కంటే ఎక్కువ నొప్పి అసిరమ్మకు జరిగింది తర్వాత వింటే కలిగింది. పట్నంలో ఒక పెళ్లి వంటవాడు పైన కొసరు లేని ఆమె పెట్టె మూత తీసి, పైనున్న వంజరం చేప మొప్పలు ఎత్తి చూసి, వేళ్లు వాసన చూసుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఏమీ అనకుండా మూత పెట్టేసి పక్క పెట్టె దగ్గరికి వెళ్లాడు. ఆమె తిన్నగా గౌరీపతి దగ్గరికి వచ్చింది.

"కొసరేది బావూ?"

"ఎదురుగా ఎల్లి అడుగు," అని నవ్వాడు.

ఎదురుగా వెళితే ధర్మారావు కూడా అదే నవ్వు నవ్వి, "గౌరిబాబునే అడుగమ్మా," అన్నాడు. ఆ రెండు నవ్వుల మధ్య రోడ్డు మీద కాసేపు నిలబడింది. తర్వాత ఫ్యాక్టరీ వెనక్కి వచ్చి నన్ను గొట్టాల్లోంచి లాగి చంకన పెట్టుకుంది. "ఈడి నోటితోనే ఈడి కొంప కూల్చకపోతే నా పేరు అసిరమ్మ కాదు," అంది. మనుషులు ఇలాంటి శపథాలు చాలా చేస్తారు, అన్నం తినగానే మరిచిపోతారు. ఈమె మరిచిపోలేదు. నేను అసలే మరిచిపోలేదు.

కొన్నాళ్లకు ఢిల్లీ నుంచి నసీమా గారనే అధికారి విచారణకు వచ్చారు. కడప ఆడపడుచు, తెలుగు బాగా వచ్చు. చేపల పాట జరిగే షెడ్డులోనే కుర్చీ వేయించుకుని, పడవలవాళ్లను ఒక్కొక్కరినే అడిగారు.

"వీళ్లు కలుస్తామన్నాక ఐసు రేటు పెరిగిందా?"

"నేదమ్మా."

"మీకేమైనా ఇబ్బంది కలిగిందా?"

"ఏటీ నేదమ్మా."

అబద్ధం కాదు, రేటు నిజంగానే పెరగలేదు. కొసరు పోయిన సంగతి మాత్రం ఒక్కడి నోటా రాలేదు. మా రేవులో ఐసు బేరం, కొసరు మర్యాద. కొసరు వెయ్యమని అడగొచ్చు గానీ, వెయ్యలేదని పరాయివాళ్ల ముందు ఏడిస్తే అది ముష్టెత్తడంతో సమానం. ఈ పరువు ఉంది చూశారూ, దాన్ని నమ్ముకునే గౌరీపతీ ధర్మారావూ తమ వకీలు పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. అసిరమ్మ ఒళ్లో, కొంగు కింద నేను ఉడికిపోతున్నాను. చెప్పండ్రా, నోళ్లు పడిపోయాయా!

అసిరమ్మ లేచి నన్ను బయటికి తీసింది.

"అమ్మగారూ, గౌరిబాబు మీద చాడీ సెప్తే కళ్లు పోతాయి. ఈ రేవులో ఆయనంత పెద్ద సెయ్యి ఎవుడికీ నేదు. ఇదిగో, ఈ డబ్బాతో కొసరు పోసీవోరు. ఆ ధర్మారావుబాబు ఏం పోసీవోరులెండి, పిడికెడు!"

ధర్మారావు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "పిడికెడేటే? గంపతో పోశాను నేను!"

"నీ గంప నాకు తెలీదా?" గౌరీపతి మీసం దువ్వాడు. "నువ్వు గంప పోసిన రోజున నేను రెండు డబ్బాలు పోశాను. నీ బేరాలన్నీ నా గుమ్మంలోకి వచ్చేశాయి."

"మర్నాడే మళ్లీ లాక్కున్నాను కదా!"

వకీలు గౌరీపతి చొక్కా లాగుతున్నాడు. పొగడ్త తలకెక్కినవాడికి చొక్కా లాగితే తెలుస్తుందా? నసీమా గారు ఇద్దరినీ చివరిదాకా అరుచుకోనిచ్చి, మెల్లగా అడిగారు. "మరి ఇప్పుడు ఎన్ని డబ్బాలు పోస్తున్నారు?"

"ఇప్పుడెందుకండీ?" అన్నాడు గౌరీపతి, అదే ఊపులో. "మేమిద్దరం ఒకటైపోయాం. ఇంకెవణ్ణి చూసి పొయ్యాలి?"

నసీమా గారు ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. వకీలు నుదురు పట్టుకున్నాడు. అసిరమ్మ తలొంచుకుని, "ధర్మప్రభువులు," అని కూర్చుంది. ఆ క్షణాన నాకు గుండె ఉంటే పగిలిపోయేది, అంత సంతోషం!

విలీనం చెల్లదని తీర్పు వచ్చింది. అనుమతి లేకుండానే ఒకటైనట్టు నడుచుకున్నందుకు ఇద్దరికీ జరిమానా కూడా పడింది. ఆ మర్నాడు పొద్దున్నే ధర్మారావు గుమ్మంలోకి గంప వచ్చింది. అది చూసి గౌరీపతి పరుగున అసిరమ్మ దగ్గరికి వచ్చి, నన్ను ఇచ్చెయ్యమని బతిమాలాడు. పనివాళ్లతో పోయిస్తే కుదరదు, ఆయనే స్వయంగా పోస్తేనే ఇస్తానంది అసిరమ్మ. ఒప్పుకున్నాడు.

పడవలవాళ్లంతా చూస్తుండగా గౌరీపతి వంగి, నన్ను ఐసుపొడిలో ముంచి, పోగుపెట్టి ఎత్తాడు. అసిరమ్మ తీరిగ్గా చూసింది.

"ఇంకోటెయ్యి బావూ."

ఒకటి పెట్టెలో గుమ్మరించి, రెండోది ఎత్తాడు. వేళ్లు ఎర్రబడ్డాయి.

అసిరమ్మ, మొదట పోసిన ఐసంతా అతని కాళ్ల దగ్గర దులిపేసి, ఖాళీ పెట్టె నెత్తిన పెట్టుకుంది. "ఆయనెంత పోస్తాడో సూసొస్తాను," అని రోడ్డు దాటింది.

"అసిరమ్మా! మూడు ఏస్తాను రా! ఓ అసిరమ్మా!"

ఆమె వెనక్కి తిరగలేదు. గౌరీపతి నన్ను నిండుగా పట్టుకుని, చేతులు కొంకర్లు పోతున్నా దించకుండా, ఆమె వస్తుందేమోనని చూస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. నాలో ఐసు కరిగి అతని పంచె మీద పడుతోంది. నేను తొందరపడలేదు. ఒక్కో చుక్కే వదిలాను.