పదిహేడు దగ్గర సూది

నాంపల్లి వర్కుషాపుల యజమానుల్లారా, మీరంతా కలిసి ఒక మనిషి చేతులు కట్టేశారు. దుర్గయ్యకు స్పానర్ ఇవ్వొద్దని వామన్‌రావు చీటీ పంపితే, గౌలిగూడ దాకా ఒక్కడు కూడా ఎందుకని అడగలేదు. ఇప్పుడు వినండి.

ఏడాది కిందట, 1953లో, సాయన్న తన టాక్సీ ప్లగ్గులు తుడిపించుకోవడానికి వామన్‌రావు షాపుకు వచ్చాడు. వామన్‌రావు బొంబాయిలో పని నేర్చినవాడు. వాక్యూమ్ గేజి లేనిదే బండిని ముట్టడు. ఇంజను గాలి గొట్టానికి దాన్ని తగిలిస్తే, లోపల ఎంత బలంగా పీలుస్తుందో సూది చెబుతుంది. ఆ రోజు సూది పదిహేడు దగ్గర నిలబడింది. ఆయన ఇంగ్లీషు పుస్తకం ప్రకారం పద్దెనిమిదికి తగ్గితే లోపలి పిస్టన్ రింగులు అరిగినట్టే.

"ఇంజను విప్పు," అన్నాడు.

మెకానిక్ దుర్గయ్య కదలలేదు. "సూది వణుకుతలేదు సాబ్. జర చూడున్రి." థ్రాటిల్ ఒక్కసారి లాగి వదిలాడు. సూది అడుగుకు పడి, ఎగిరి ఇరవై దాటి, మళ్లీ పదిహేడుకే వచ్చింది. "రింగులు పోతే గట్ల ఎగరదు. బెజవాడల పంతొమ్మిది చూపిన లారీ గీడికొస్తే పదిహేడు చూపింది. నేనే గేజి పట్టుకొని పోయిన. మన ఊరు ఎత్తు మీదున్నది, గాలి పలచన. మీ బుక్కు సముద్రం ఒడ్డుది సాబ్."

"ఓహో, గాలి హకీం! బండికి నాడి చూస్తడట!" అన్నాడు వామన్‌రావు.

షాపంతా నవ్వింది.

వామన్‌రావే దగ్గరుండి విప్పించాడు. కొత్త రింగుల కొసల మధ్య ఉండాల్సిన సందు చూడకుండానే బిగించారు. మూడో రోజు వేడికి రింగులు సాగి, అబిడ్స్ నడిబొడ్డున ఇంజను పట్టేసి ఆగిపోయింది. దాన్ని ముట్టని దుర్గయ్య మీద నేరం వేసి గేటుకు బోర్డు కట్టారు: "దుర్గయ్య ఇంజన్లు చంపుతాడు. పని ఇవ్వకండి."

అప్పటి నుంచి దుర్గయ్య మొజంజాహీ మార్కెట్లో ఐసు దిమ్మెలు మోస్తున్నాడు. వేళ్లు మొద్దుబారాయి. నట్టు బిగువు చేతికి తెలియడం లేదని సాయన్నతో అన్నాడు. పాత సామాన్లలో కొన్న తన గేజిని మాత్రం తువాలులో చుట్టి దాచుకున్నాడు.

నిన్న పొద్దున వామన్‌రావు కొత్త కారును గేటు ముందు పెట్టి అందరికీ చూపిస్తున్నాడు. సాయన్న టాక్సీ స్టాండు మొత్తాన్ని వెంటేసుకొని వచ్చాడు. ముందు దుర్గయ్య.

"కొత్త బండా సాబ్? జర నాడి చూడమంటరా?"

"చూడరా, చూడు! ఇంజనంటే ఎట్లుంటదో నీకూ తెలుస్తది."

ఇంజను నడుస్తుండగానే దుర్గయ్య, దాని పీల్పుతో వైపర్‌ను ఆడించే రబ్బరు గొట్టం ఊడదీసి గేజి తగిలించాడు. సూది లేచింది. పదిహేడు దగ్గర నిలబడింది. వణకలేదు.

"సదువున్రి సాబ్. గట్టిగ సదువున్రి."

వామన్‌రావు గేజి మీంచి చూపు తిప్పుకున్నాడు.

"పదిహేడే!" సాయన్న అరిచాడు. "నీ బుక్కు లెక్కన రింగులు పోయినయి గదా! నా బండి విప్పినవు, నీది విప్పవేంది?"

"ఏయ్, నిన్న గాక మొన్న వచ్చిన బండి ఇది..."

దుర్గయ్య బానెట్ మీద స్పానర్ పెట్టాడు. "అయితే గాలి పలచన అనున్రి. నేనన్న మాటనే. అంటరా, విప్పాల్నా?"

వామన్‌రావు రెండు చేతులూ చాచి కారుకు అడ్డం నిలబడ్డాడు.

"విప్పకు. గాలి... గాలి పలచన."

ఇరవై మందిమి విన్నాం. అది చాలదు. వామన్‌రావ్, ఆ బోర్డు నీ చేత్తో దించు. సాయన్న ఇంజను పట్టేసిన చోటే, అబిడ్స్ నడిబొడ్డున నిలబడి, తప్పు నాదని చెప్పు. చీటీ దాచుకున్న మిగతా యజమానుల్లారా, దాన్ని చింపి రేపు పొద్దున దుర్గయ్యను పనికి పిలవండి. లేదంటే మీ ఒక్కొక్కరి కారుకూ ఆ గేజి తగులుతుంది. అప్పుడు స్పానర్ బానెట్ మీద ఆగదు.