మూడడుగుల బేరం

నేను ఒక పేరును. మనిషి పేరును కాను, ఊరి పేరునూ కాను. ఇంటర్నెట్‌లో దుకాణం పెట్టుకునేవాళ్లు ముందుగా కొనుక్కునే పేరును. నన్ను గోదారిలేసు డాట్ ఇన్ అంటారు. పాత సైకిళ్లూ చెల్లని నాణేలూ తమ కథ చెప్పుకుంటూ, చివరికొచ్చేసరికి ఇలా మూల పడ్డామని ముక్కు చీదుతుంటాయి. నా దగ్గర ఆ ఏడుపు ఉండదని ముందే చెబుతున్నాను. నేను తుప్పు పట్టను, నాకు చెదలు పట్టవు, వందేళ్లు వాడినా అరగను. నా ప్రాణం మాత్రం ఒక తారీకులో ఉంటుంది. ఆ తారీకులోపు డబ్బు కడితే ఉంటాను. కట్టకపోతే ఇంకెవరి సొత్తో అవుతాను.

నన్ను టైపు చేసిన తెర మీదా, అచ్చేసిన కాగితం మీదా నాకు కళ్లూ చెవులూ ఉంటాయని అనుకోండి. లేకపోతే ఈ కథంతా మీకెలా చెప్పగలను.

నేను పుట్టింది నరసాపురంలో. అక్కడ ఆడవాళ్లు మధ్యాహ్నం వంటలు ముగించి వీధి అరుగుల మీద చేరి లేసు అల్లుతారు. కొసన చిన్న కొక్కెం ఉన్న సూది, ఒళ్లో దారం ఉండ, అంతకు మించి సరంజామా అక్కర్లేదు. వాళ్లలో నాగరత్నం గారికి యాభై ఆరేళ్లు. తొమ్మిదో ఏట పట్టిన సూదిని ఆవిడ ఇంకా దించలేదు. మాట్లాడుతూ అల్లుతుంది, పోట్లాడుతూ అల్లుతుంది, చేతివైపు చూడకుండానే పువ్వు తర్వాత పువ్వు పూయిస్తుంది.

ఆ వీధికి ప్రతి శనివారం ఏజెంటు కనకారావు గారు మోటారు సైకిలు మీద వస్తారు. అంతకుముందు వాళ్ల నాన్న సైకిలు మీద వచ్చేవాడట. దారం ఇచ్చేదీ ఆయనే, అల్లినది పట్టుకెళ్లేదీ ఆయనే, ధర చెప్పేదీ ఆయనే. ఎనిమిది రోజులు కూర్చుని అల్లిన టేబుల్ గుడ్డను వెలుగుకేసి ఎత్తి చూసి, పెదవి విరిచి, నూట ఎనభై అంటారు. నాగరత్నం గారు మూడొందలంటే, గుడ్డను అరుగు మీద పెట్టేసి బండి వైపు తిరిగి మూడడుగులు వేస్తారు. నాలుగో అడుగు పడకముందే ఈవిడ వెనక్కి పిలుస్తుంది. ఏళ్ల తరబడి ఇదే తంతు.

ఆవిడ తెలివైన మనిషి కదా, తనను ఓడించిన విద్యను తనూ నేర్చుకుంది. చేపల దగ్గర, గాజుల దగ్గర, ఆటో దగ్గర, ధర వినగానే తిరిగి మూడడుగులు వేస్తుంది. అవతలివాళ్లు పిలుస్తారు. ఈ విద్య మీద ఆవిడకున్నంత నమ్మకం ఇంక దేని మీదా లేదు.

పక్కింట్లో సువార్త ఉండేది. ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటరు నేర్పేది. స్కూలు మూతపడ్డాక ఆమెకు మిగిలినవి ఒక పాత లాప్‌టాపూ బోలెడంత తీరికా. మన లేసు మనమే ఎందుకు అమ్ముకోకూడదని మొదట అన్నది ఆమే. పదకొండు మంది సరేనన్నారు. ఇక మనుషుల తొందర చూడండి. నేనింకా పుట్టనే లేదు, వీళ్లు భీమవరంలో నా పేరుతో వెయ్యి ట్యాగులు అచ్చు వేయించుకొచ్చారు. అప్పటికే నన్నెవరైనా కొనేసి ఉంటే ఆ వెయ్యి ట్యాగులూ పొయ్యిలోకి పనికొచ్చేవి.

ఒక మంగళవారం ఉదయం సువార్త లాప్‌టాప్ తెరిచి, పేరు చవగ్గా ఎక్కడ దొరుకుతుందని వెతికింది. నాగరత్నం గారు సూదితో సహా వచ్చి పక్కన కూర్చున్నారు. నేను ఖాళీగా ఉన్నానని తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో కనిపించింది. నా పుట్టుకకు అదే తొలి గుర్తు.

మొదటి కంపెనీ తొంభై తొమ్మిది మాత్రమే అంది. పక్కన గడియారం ఒకటి సెకన్లు తగ్గించుకుంటూ కంగారు పెట్టింది. తీరా చివరి పేజీకి వచ్చేసరికి ఆ తొంభై తొమ్మిది కాస్తా పద్నాలుగు వందలయింది. వీళ్లు అడగని ఈమెయిలు, అడగని భద్రత, అడగని మూడేళ్ల గడువు, అన్నిటికీ ముందే టిక్కులు పెట్టి ఉన్నాయి.

“అరకిలో టమాటాలడిగితే సంచిలో అడక్కుండా గుమ్మడికాయేత్తన్నాడేంటే వీడు,” అన్నారు నాగరత్నం గారు.

రెండో కంపెనీ నూట నలభై తొమ్మిది అంది. రెండో ఏడాది నుంచి ఎనిమిది వందల తొంభై తొమ్మిది అని, చీమలు కూడా చదవలేనంత చిన్న అక్షరాల్లో కింద రాసుకుంది. మూడో కంపెనీ ఏ ఏడాదికైనా అయిదు వందల యాభై అని పైనే చెప్పింది. కాస్త నిదానంగా ఆలోచిస్తే మూడోదే మేలు. నన్నడిగితే అదే చెప్పేదాన్ని. కానీ చవక అనే మాట కళ్లలో పడ్డాక రెండో ఏడాది ఎవరికి కనబడుతుంది.

“వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దారి. ఈ నూట నలభై తొమ్మిదోడిని నూటికి దిగమను,” అన్నారావిడ.

“ఎవర్నడగను పిన్నీ. అక్కడ మనిషుండడు, అది మెషీను.”

“మెషీను యెనకాల మనిషుండడా? మూసెయ్యి. మూడడుగులేద్దాం.”

అన్నంత పనీ చేసింది ఆవిడ. లాప్‌టాప్ మూయించి, లేచి గుమ్మం దాటి నిజంగానే మూడడుగులు వేసింది. నన్ను సంచిలో వేసుకుని, సంచిని కొట్లోనే వదిలేసి వెళ్లినట్టయింది నా పని. ప్రపంచంలో ఎవరైనా సరే, ఆ రెండు రోజుల్లో నన్ను ఎగరేసుకుపోవచ్చు. నాకు భయమంటే ఏమిటో తెలిసింది అప్పుడే.

గురువారం ఉదయం సువార్తకు ఆ రెండో కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. మీరు కోరుకున్న పేరు మీకోసం ఎదురుచూస్తోంది, ఈ ఒక్కరోజే ఎనభై తొమ్మిది రూపాయలకు, అని ఉంది. మెయిలు అడ్రసు ఇచ్చి, కొనకుండా వెళ్లిపోయిన ప్రతివాళ్లకూ ఆ మెషీను పంపే మెయిలది. ఆ సంగతి సువార్తకు తెలుసు. కానీ నాగరత్నం గారి ముఖంలో వెలుగు చూసి, చెప్పబుద్ధి కాలేదు.

“సూసేవా. వాడే పిలిచేడు,” అన్నారావిడ.

అరవై రూపాయలు మిగిలాయి. ఆ సంతోషంలో పదకొండు మందికీ కూల్‌డ్రింకులు తెప్పించారు. వాటి ఖరీదు రెండు వందలు దాటిందని ఎవరికీ తోచలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఆ రోజు నుంచి నేను వాళ్ల పేరునయ్యాను.

ఏడెనిమిది నెలలు చిన్నా చితకా అమ్మకాలు సాగాయి. సువార్త తెల్లటి గోడ ముందు గుడ్డలు ఆరేసి ఫోటోలు తీసి నాలో పెట్టేది. హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో మా గుడ్డ ఒకటి కొన్నావిడ, పుణెలో గృహాలంకరణ షాపు ఉన్న అసావరి గారు, ట్యాగు మీద నన్ను చదివి సైటుకొచ్చారు. నలభై టేబుల్ గుడ్డలు కావాలన్నారు. ఒక్కోటి ఆరు వందల యాభై అని సువార్త తెగించి చెప్పింది. ఆవిడ సరేనని సగం డబ్బు ముందే పంపేశారు.

ఈ మాట విని నాగరత్నం గారు సూది ఆపేశారు. ఆవిడ సూది ఆగడం నేను చూడటం అదే మొదలు.

“బేరమాళ్లేదా?”

“లేదు పిన్నీ.”

“అయితే మనవే తక్కువ చెప్పేం.”

రెండు రోజులు అదే దిగులు. తన చేతిపనికి తను చెప్పిన ధర ఎవరైనా ఇస్తారని నలభై ఏడేళ్లలో ఆవిడకు తెలియలేదు. తెలిసినా నమ్మలేదు. నాకు ఆవిడ మీద జాలి వేసింది. కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఆవిడ మీద మాత్రం కాదు.

ఏడాది నిండవచ్చింది. గడువు నెల రోజులు ఉందనగా కంపెనీ మెయిలు పంపింది, రెన్యువల్ ఎనిమిది వందల తొంభై తొమ్మిది అని. వారం ఉందనగా మరొకటి. ఒక్కరోజే ఉందనగా ఇంకొకటి.

“కడదాం పిన్నీ,” అంది సువార్త.

“ఎనభై తొమ్మిదికిచ్చినోడు ఇప్పుడు తొమ్మిదొందలంటే ఇచ్చెయ్యడవేనా? మూడు సార్లు పిలిచేడంటే దిగుతాడన్నమాట. ఉండు.”

సువార్త గట్టిగా చెప్పి ఉండాల్సింది. కానీ మొదటిసారి ఆవిడ మాటే నెగ్గింది కదా అని ఊరుకుంది. నెల ముందే కళ్లు తెరిచి ఉంటే నన్ను ఆ అయిదు వందల యాభై కంపెనీకి మార్చుకోనూ వచ్చు. అదీ చేయలేదు. గడువు తీరింది. కంపెనీ దిగలేదు, మళ్లీ పిలవనూ లేదు. గోడా గుడ్డలూ పోయి, నా స్థానంలో ‘ఈ పేరు గడువు తీరింది’ అనే ముక్క మిగిలింది. గడువు తీరాక నెల రోజులు పాత యజమానికి అదే ధరకు ఇస్తారు. ఆ తర్వాత వేలల్లో జరిమానా వేస్తారు. అదీ కట్టకపోతే అడిగినవాళ్లకు అమ్మేస్తారు.

పద్నాలుగో రోజున పుణె నుంచి అసావరి గారు ఫోను చేసి, దుకాణం మూసేశారా అని సువార్తను అడిగారు. ఈసారి వంద గుడ్డలు కావాలట. భాగస్వామికి చూపిద్దామని సైటు తెరిస్తే ఏమీ లేదట. రేపటికల్లా వచ్చేస్తుందని సువార్త చెప్పి, ఫోను పెట్టేసి, గోడకానుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు శనివారం. కనకారావు గారు వచ్చారు. వాళ్ల మేనల్లుడు ఇంటర్నెట్‌లో చూసి ఆయనకు చెప్పాడట.

“మీ పేరు కాళీ అయిపోతందంట కదండీ,” అన్నారు నవ్వుతూ. “అవ్వనివ్వండి. నేనే తీసుకుంటాను. ట్యాగులెలాగూ మీరే అచ్చేయించేరు. మీరు అల్లండి, నేనమ్ముతాను. ఎప్పట్లాగే.”

ఆయన వెళ్లిపోయాక నాగరత్నం గారు సువార్త చేతిలోంచి ఫోను తీసుకుని, కంపెనీ వాళ్లకు కలపమన్నారు. పాట రెండుసార్లు మోగి ఆగాక ఒకమ్మాయి తెలుగులోనే పలికింది.

“అమ్మా, మా పేరు మాకు కావాలి. నాలుగొందలిత్తాను,” అన్నారీవిడ.

“మేడమ్, రేటు ఎనిమిది వందల తొంభై తొమ్మిది అండి.”

“పోనీ అయిదొందలు. లేకపోతే పెట్టేత్తాను.”

“మీ ఇష్టం మేడమ్. కానీ రేటు అందరికీ ఒకటేనండి.”

నాగరత్నం గారు ఫోను చెవి నుంచి తీయబోయి ఆగారు. “అందరికీ అంటే? ఇక్కడ కనకారావని ఏజెంటున్నాడు. పెద్ద బేరగాడు. ఆడొచ్చి అడిగినా అంతేనా?”

“ఎవరడిగినా అంతేనండి. మీ పేరైతే ఇంకో పదిహేను రోజుల దాకా మీకే ఇస్తాం, వేరేవాళ్లకివ్వం.”

కనకారావుకూ తనకూ ఒకే ధర చెప్పే మనిషి నాగరత్నం గారికి జీవితంలో తగలడం అదే మొదటిసారి. ఆ పిల్లకు తన మాట అంత పెద్దదని తెలియదు పాపం. లైన్లో ఉన్నారా మేడమ్, అని రెండుసార్లు అడిగింది.

“ఉన్నానమ్మా. ఎంతంటే అంత. మూడేళ్లకి కట్టేత్తాను,” అన్నారు నాగరత్నం గారు.

సాయంత్రానికి గోడా గుడ్డలూ తిరిగి నాలోకి వచ్చాయి. కంపెనీ చిన్న అక్షరాల ఎత్తుగడ నాకు తెలియనిది కాదు. ఈవిడ మూడడుగులు యంత్రం ముందు చెల్లవనీ తెలుసు. అయినా ఆ రోజు వాళ్లిద్దరిలో ఎవరు గెలిచారని అడిగితే నేను గెలిచానంటాను. పదకొండు మంది కష్టానికి నేను గుమ్మాన్ని. నన్ను కాపాడుకోవడానికి ఆవిడ తన ఆయువుపట్టు లాంటి విద్యను వదులుకుంది. ఇంతకంటే గొప్ప ఏ పేరుకు కావాలి.

నేను తిరిగొచ్చాక మొదటి పనిగా సువార్త చేత నాలో ఒక మాట రాయించారావిడ. గుడ్డల ఫోటోలకు పైన, పెద్ద అక్షరాల్లో, చీమలకు కాదు మనుషులకు కనిపించేలా: ‘ధర అందరికీ ఒకటే.’

తర్వాతి శనివారం కనకారావు గారు ఎప్పటిలాగే వచ్చారు. అరుగు మీదున్న టేబుల్ గుడ్డను ఎత్తి వెలుగుకేసి చూశారు. దాని అంచున కట్టిన ట్యాగు మీద నేనున్నాను, అందుకే ఆయన ముఖం నాకు దగ్గరగా కనిపించింది. పెదవి విరిచారు.

“నూట ఎనభై.”

“రేటు అందులో ఉందండి. గోదారిలేసు డాట్ ఇన్,” అన్నారు నాగరత్నం గారు తలెత్తకుండా. “మీకైనా అంతే, ఎవరికైనా అంతే.”

ఆయన గుడ్డను అరుగు మీద పెట్టేశారు. బండి వైపు తిరిగి ఒక అడుగు వేశారు, రెండోది వేశారు, మూడోది వేసి ఆగారు.

నాగరత్నం గారు కొత్త దారం ఉండ విప్పి, మొదటి ముడి వేసుకున్నారు.