హంసిక ఇంట్లో ఆవిరి మిషను

నేను ఒక నెబ్యులైజర్‌ని. ఆ పేరు నోరు తిరగక, మండపేటలో రైసుమిల్లుల వెనక వీధివాళ్ళు నన్ను ఆవిరి మిషను అంటారు. నిజానికి నాలో నీళ్ళు కాగవు, ఆవిరీ పుట్టదు. లోపల చిన్న మోటారు గాలిని తోస్తుంది. ఆ గాలి గొట్టంలోంచి పోయి, కప్పులో పోసిన మందును పొగమంచులా చేస్తుంది. ముక్కూ నోరూ కప్పే మాస్కులోంచి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. ఇది కూడా ఎవరికీ చెప్పుకోలేను. తిరిగినంతసేపూ నేను చేసే మోతలో పక్కనున్నవాళ్ళ మాటే వినపడదు.

నా మొదటి యజమాని రిటైరైన పోస్టుమాస్టరు గారు. "ఈ గేదె అరుపు ఆపవే తల్లీ" అని భార్య మీద విసుక్కునేవారు. నేను ఆయనకు ఊపిరి అందేలా చేసేదాన్ని. అందిన ఆ ఊపిరితో ఆయన చుట్ట వెలిగించేవారు. మనుషుల సంగతి నాకు అక్కడే కొంత తెలిసింది. ఆయన పోయాక ఆ పెద్దావిడ నన్ను తన జాకెట్లు కుట్టే సత్యవేణి చేతిలో పెట్టింది. "గొట్టం, మాస్కు కొత్తవి వేయించుకోవే. నీ పిల్లకు పనికొస్తుంది" అంది.

సత్యవేణికి ఇరవై నాలుగేళ్ళు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసింది. మందు మీద ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుని, సరిగ్గా చదివానో లేదోనని మళ్ళీ మొదటినుంచి చదువుతుంది. ఆమె కూతురు హంసికకు ఐదేళ్ళు. ఉబ్బసం పిల్లకే గాని, దాని చాకిరీ మాత్రం ఇంటిల్లిపాదికీ.

తండ్రి వీరబాబు మిల్లులో పని చేస్తాడు. ఒళ్ళంతా ఊకదుమ్ము. వచ్చీరాగానే కూతుర్ని ఎత్తుకోవడం ఆ ఇంట్లో లేదు. పెరట్లో కుళాయి కింద స్నానం అయ్యేదాకా హంసిక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడుతుంది.

"నాన్నా, అయిపోయిందా?"

"ఇంకా తలుందే అమ్మా!"

పోపులో ఎండుమిరప వేయాలంటే ముందు పిల్లను పక్కింటికి పంపాలి. నానమ్మ మంగాయమ్మకు అది మహా కష్టం. "ఘాటు లేని పప్పు తిని తిని నా నాలిక చచ్చిపోయింది" అంటుంది. అంటుంది గాని, పోపు మాత్రం వేయదు. ఇక సత్యవేణి అయితే ఎవరింటికి వెళ్ళినా దణ్ణం కంటే ముందు గోడలే చూస్తుంది, నాకు ప్లగ్గు ఉందో లేదోనని. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చూపు, ఆయాసమొస్తే లోపలికి దిగే పిల్ల గొంతుకింద గుంటమీదే ఉంటుంది. నన్ను మాత్రం ఎవరినీ ముట్టనివ్వదు. కప్పు ఆమే కడగాలి, మందు ఆమే పోయాలి.

ఒక ఆదివారం రావులపాలెంలో ఆమె చెల్లెలికి తాంబూలాలు. హంసికకు అప్పుడే జలుబు మొదలవుతోంది. తీసుకెళితే ఫంక్షను హాల్లో కొత్త రంగుల వాసన, వంటల పొగ. మానేస్తానంది సత్యవేణి.

"నువ్వెళ్ళు. ముగ్గుర్ని పెంచినదాన్ని, ఒక్క పిల్లని ఒక్కపూట చూడలేనా?" అంది మంగాయమ్మ.

రెండేళ్ళలో మొదటిసారి సత్యవేణి పట్టుచీర కట్టింది. దగ్గొస్తే ఏ మందు వేయాలో, స్విచ్చి ఎక్కడుందో రెండుసార్లు చెప్పి మొగుడి బండెక్కింది.

పదకొండింటికి పిల్లకు దగ్గు మొదలైంది. మంగాయమ్మ మందు బుడ్డీ మూతి విరిచి కప్పులో పోసింది. వాసన చూసింది. ఏ వాసనా లేదు.

"ఉత్త నీళ్ళు! దీనికేం తగ్గుద్దీ?"

ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీళ్ళలో నీలగిరి తైలం వేయడం ఆమె పుట్టినప్పటినుంచీ చూసినదే. ఇది ఆవిరి మిషనే కదా. అలమరలోంచి సీసా తెచ్చి కప్పులో నాలుగు చుక్కలు వేసింది. "ఇప్పుడు చూడు బంగారం, గుండె తేలికైపోద్ది" అంటూ మాస్కు పెట్టింది.

నాలో ఏది పోస్తే దాన్నే పొగ చేస్తాను. ఆగిపోవడం నా చేతుల్లో లేదు. ఆ రోజు మాత్రం కరెంటు పోతే బాగుండుననుకున్నాను. పోలేదు. హంసిక భుజాలు ఎగిశాయి, గొంతుకింద గుంట లోపలికి దిగింది, పెదవులు నల్లబడ్డాయి. మంగాయమ్మ మాస్కు లాగేసి, కేకలు పెడుతూ పిల్లనూ నన్నూ పక్కింటి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

సత్యవేణి పట్టుచీరతోనే అక్కడికొచ్చింది. అప్పటికి పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. డాక్టరుగారు నా కప్పు వాసన చూసి మండిపడ్డారు.

"ఇందులో తైలం పోస్తారా? తల్లివేనా నువ్వు?"

మంగాయమ్మ తలుపు వెనక గోడకు అతుక్కుపోయింది. సత్యవేణి అటు చూడలేదు. "పొరపాటైందండి" అంది. అదేమీ గొప్పతనం కాదు. ఎవరు పోశారో చెప్పడానికి కూడా ఆమెలో ఓపిక మిగల్లేదు.

మూడోరోజు ఇంటికి వచ్చాం. పాత కప్పూ మాస్కూ పారేయమన్నారు, నాకు కొత్తవి వచ్చాయి. మంగాయమ్మ గదిలోకి రావడం మానేసింది. అన్నం కూడా అరుగు మీదే తింటోంది. మర్నాడు సాయంత్రానికి ఇక ఉండబట్టలేక గుమ్మంలో నిలబడింది.

"నన్నొక మాటనవే. నాలుగు తిట్టు."

"తిట్టే ఓపిక లేదత్తయ్యా. ఇలా వచ్చి కూర్చోండి."

"అమ్మో, ఆ మిషన్ని నేను ముట్టను!"

"ముట్టాలి. ఇన్నాళ్ళూ నేనెవర్నీ ముట్టనివ్వలేదు. నేను జ్వరమొచ్చి పడిపోతే దీని గతేంటి?"

మంగాయమ్మ కూర్చుంది. చేతులు కొంగుకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఈ మందు తప్ప కప్పులో మరో చుక్క పడకూడదని సత్యవేణి ఆమెచేత మూడుసార్లు చెప్పించింది. మంగాయమ్మ మందు పోసి, మాస్కు పెట్టబోయింది.

"నానమ్మా, తిరగేసి పెడతన్నావ్!" అంది హంసిక.

"నీకంటే నీ అమ్మే నయమే, ఇన్ని వంకలు పెట్టదు" అంటూ మాస్కు సరిగ్గా తిప్పింది.

నేను మొదలుపెట్టాను. నా మోటారు కూడా ఈ మధ్య అలిసిపోతోంది, మధ్యమధ్య గొణుగుతోంది. పిల్ల రొమ్ము ఎగిసి దిగుతుంటే మంగాయమ్మ కళ్ళార్పకుండా చూస్తోంది. సత్యవేణి కాసేపు పిల్లనీ, కాసేపు అత్తనీ చూసింది. తరవాత గోడకు జారగిలబడింది. నా మోత వింటూ ఆమె కళ్ళు మూయడం నేనెప్పుడూ ఎరగను.

మందు అయిపోయింది. మంగాయమ్మ స్విచ్చి కట్టేసి మాస్కు తీసింది. ఏదో చెప్పబోతున్న హంసిక పెదవుల మీద వేలు పెట్టింది.

"ష్! అమ్మను లేపకు."