రెండు పాయింట్ ఏడో అంతస్తు

రేటింగు రెండు పాయింట్ ఏడుకి పడిపోయినప్పటి నుంచి వకుళ ఫ్లాటు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఉంటోంది. అద్దెకు దిగినప్పుడు అది నాలుగో అంతస్తు. లిఫ్టులో ఇప్పటికీ నాలుగే నొక్కాలి. లిఫ్టు రెండు దాటాక కాస్త ఆలోచించి, మూడు రాకముందే ఆగి, ఆమెను గుమ్మం ముందు దింపుతుంది. ఓనరు ఒకసారి వచ్చి కిటికీలు తెరిచి చూశాడు. గాలి బాగానే వస్తోంది కదా అని వెళ్ళిపోయాడు.

రేటింగు వకుళది కాదు, ఆమె తయారుచేసిన యాప్‌ది. దాని పేరు చుక్కవేళ. కంటి ఆపరేషన్ అయినవాళ్ళు నలభై రోజులు వేళ తప్పకుండా చుక్కల మందు వేసుకోవాలి. వేసేవాళ్ళు ఇంట్లో ఉంటే ఇబ్బంది లేదు. లేనివాళ్ళకి వేళకి ఫోను మోగి, ఒక ఆడగొంతు పలుకుతుంది. "తల వెనక్కి వాల్చండి. కింది రెప్ప లాగండి. పైకి చూడండి. ఒక్క చుక్క చాలు. రెండోది చెంప మీదికి కారిపోతుంది. కళ్ళు మూసుకోండి. నేను ఇక్కడే ఉన్నాను."

ఆ గొంతు వకుళదే. మూడేళ్ళ క్రితం దెబ్బ తగిలి ఆమె ఎడమ కంట్లో పొర కమ్మింది. ఆపరేషన్ అయ్యాక ఒక్కతే అద్దం ముందు కూర్చుని, చెయ్యి వణక్కుండా ఉండటానికి తనకి తనే ఈ మాటలు పైకి చెప్పుకునేది. చివరి మాట కూడా తనకే చెప్పుకునేది. నవ్వొచ్చేది కాదు.

ఊళ్ళోని కంటాసుపత్రి నుంచి ఎస్తేరు సిస్టర్ సోమవారం ఫోను చేసింది. "మీ యాప్ గురించి మా పేషెంట్లకి చెప్పాలనే ఉందండి. కానీ రేటింగు నాలుగు లేనిదాని గురించి చెప్పకూడదని మా రూలు. శనివారం పన్నెండింటికి నాలుగో అంతస్తుకి వచ్చి బెల్లు కొడతాను. మీరు తలుపు తీస్తే సరే. లేకపోతే లేదు."

ఆసుపత్రి చెప్పకపోతే కొత్తవాళ్ళు రారు. పాతవాళ్ళకి చూపు వస్తుంది. చూపు రాగానే యాప్ తీసేస్తారు, అది న్యాయమే. నెలన్నర తిరిగేసరికి ఆ గొంతు వినేవాళ్ళు ఒక్కరూ మిగలరు. ఎక్కడో ఒక ఇంట్లో ఒక మనిషి సీసా పట్టుకుని, చెయ్యి వణుకుతుంటే, ఎవరూ ఏమీ చెప్పని గదిలో పైకి చూస్తూ కూర్చుంటాడు. వకుళకి ఆ గది బాగా తెలుసు.

బుధవారం పొద్దున మూడో అంతస్తు వరహాలమ్మ గారు వకుళ హాల్లోకి వస్తారు. ఆవిడ నేల వకుళ మోకాళ్ళ ఎత్తున మొదలవుతుంది కాబట్టి ఆవిడ అక్కడి నుంచే నడుస్తారు. గొంతులో మటుకు కోపం ఉంది.

"ఏంటమ్మాయ్, మీ ఫ్యాను మా ఇంట్లో తల ఎత్తున తిరుగుతోంది? అప్పడాలు ఆరబోసుకుంటే అన్నీ ఎగిరిపోయాయి."

"ఆపేస్తాను పిన్నిగారూ."

"ఆపకు, గాలి బాగుంది. పైకి జరిపించు."

"రేటింగు పెరిగితే దానంతటదే పైకి పోతుందండీ."

"పెంచించు మరి. నోరు తెరిచి అడగాలమ్మా. అట్టు బాగుంటే ఎవడైనా ఏమంటాడు? తినేసి చెయ్యి కడుక్కుంటాడు. ఉప్పు తగ్గితే మాత్రం వీధి వీధంతా వింటుంది. మా మేనకోడలు పెసరట్ల బండి దగ్గర నించుని ప్రతివాణ్ణీ అడిగేది, 'ఎలా ఉందండీ' అని. సిగ్గుపడి చెప్పేవారు, బాగుందని."

"యాప్ అడుగుతుందండీ. పదో రోజున. ఎన్ని చుక్కలు ఇస్తారు అని."

"యాప్ కాదు, నువ్వు."

వరహాలమ్మ గారు ఫ్యాను కిందుగా వంగి వెళ్ళిపోతారు. వకుళ ఫోను తీసి అంకె చూస్తుంది. రెండు పాయింట్ ఏడు. అంకె కింద జనం రాసిన మాటలు ఉంటాయని ఆమెకి తెలుసు. ఇన్నాళ్ళలో ఒక్కసారీ వాటిని తెరవలేదు. తలుపు సందులోంచి లోపలివాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారని తెలిసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగే మనిషి ఆమె.

గురువారం వకుళ టీ కాస్తుంటే, గ్యాసు బండ పక్కన నేలలోంచి ఒక తల లేస్తుంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉంది. రెండో అంతస్తు సత్యానందం గారిది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కింద స్టూలు ఎక్కి నించున్నట్టున్నారు.

"టీ తాగుతారా మాస్టారూ?"

"ఆయ్, తాగుతానండి. కానీ చేతులు కిందుండిపోయాయి."

వకుళ కూర్చుని సాసర్లో పోసి ఆయన పెదాల దగ్గర పెడుతుంది. ఆయన శ్రద్ధగా తాగుతారు.

"ఒక్క మాట అడుగుదామని వచ్చానండి. ఇవాళ ఏడు గంటల చుక్కకి మీ గొంతు వణికింది. ఒంట్లో బాగుందా?"

"అది ఎప్పుడో రికార్డు చేసిందండీ. వణకదు."

"ముప్పయ్యేళ్ళు పిల్లల చేత అంకెలు చెప్పించానండి. ఏ పిల్ల గొంతు వణికిందో వెనక వరసలోంచి పట్టేసేవాణ్ణి. వణికింది."

వకుళ సాసరు కింద పెడుతుంది. తరవాత ఆయనకి అంకె సంగతి చెబుతుంది, శనివారం సంగతి చెబుతుంది. మాస్టారి తల నేల మీద ఇటూ అటూ ఊగుతుంది.

"అన్యాయం కదండీ. నాకు ఈ ముప్ఫై నాలుగు రోజులూ ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉంది. పదో రోజున అడగ్గానే చుక్కలు ఇచ్చేశాను కూడాను."

"ఎన్ని ఇచ్చారండీ?"

"ఒకటి."

"అంత బాగుంటే ఒక్కటేనా మాస్టారూ?"

ఆయన నల్లద్దాల వెనక నుంచి ఆశ్చర్యంగా చూస్తారు. "ఒక్క చుక్క చాలు, రెండోది కారిపోతుందని మీరే కదండీ చెప్పారు. రోజుకి ఆరుసార్లు చెప్పారు. అయిదు ఇస్తే ఎక్కడికి పోతాయండీ? చెంప మీదికి."

తల మెల్లగా నేలలోకి దిగిపోతుంది. స్టూలు పక్కకి జరిపిన చప్పుడు వినిపిస్తుంది.

వకుళ చల్లారిన టీ చేత్తో పట్టుకునే అంకె కింది మాటలు తెరుస్తుంది. "బంగారం లాంటి గొంతు. ఒక్క చుక్క." "మా ఆయన పోయాక ఇంట్లో నాతో మాట్లాడింది ఈ అమ్మాయే. ఒక్క చుక్క." "నేను ఇక్కడే ఉన్నాను అంటుంది, నిజంగా ఉంటుంది. ఆవిడ చెప్పినట్టే ఒక్కటి వేశాను, కారలేదు." చెప్పిన మాట వినని కొందరే అయిదు ఇచ్చారు. ఎంత కిందికి జరిపినా మాటలు అయిపోవు. జరుపుతూ జరుపుతూ వంటగది దాటి, హాలు దాటి బాల్కనీ దాకా వచ్చేస్తుంది. తిరిగి చూస్తే వంటగది చాలా దూరంగా, తీరంలో దీపంలా చిన్నగా ఉంది. స్టార్లు అనకుండా తెలుగులో చుక్కలు అని రాసినందుకు ఆమె ఒకప్పుడు ఎంతో పొంగిపోయింది. ఇప్పుడు సంతోషంగానే తల పట్టుకుంటుంది.

మాట మారిస్తే సరిపోతుందని వెంటనే 'ఎన్ని నక్షత్రాలు ఇస్తారు' అని పెడుతుంది. గంటలో జవాబులు వస్తాయి. ఒకరిది ఉత్తరాభాద్ర, రెండో పాదం. ఒకరిది మూల, శాంతి జరిపించారు, భయం లేదు. ఒక పెద్దాయన గోత్రం కూడా పంపుతాడు. మధ్యాహ్నానికి ఫ్లాటు పైకి పోకుండా కాస్త ఈశాన్యానికి తిరుగుతుంది. వరహాలమ్మ గారు వాస్తుకి ఇదే బాగుందంటారు. 'స్టార్లు' అని పెడితే తమ అభిమాన హీరోల పేర్లు వస్తాయి, వెనకే తగువులు వస్తాయి. వకుళ మళ్ళీ చుక్కలే పెట్టేస్తుంది.

"ఇంతోటిదానికి తల బద్దలు కొట్టుకోవడం ఎందుకు?" అంటారు వరహాలమ్మ గారు, వకుళ మోకాళ్ళ ఎత్తున పీట వేసుకుని కూర్చుని. "ఒక్క చుక్క కాదు, అయిదు వెయ్యండని చెప్పించెయ్యి. చెప్పినమాట వినేవాళ్ళేగా."

"అయిదూ కంట్లోనే వేసేసుకుంటారు పిన్నిగారూ. వద్దని చెయ్యి పట్టుకునేవాళ్ళు కూడా ఉండరు ఆ ఇళ్ళల్లో."

వరహాలమ్మ గారు అప్పడం ఒకటి విరుస్తారు. "అదీ నిజమే," అంటారు. ముక్క నోట్లో వేసుకుని, "అయితే నిన్న నేను చెప్పిందే మిగిలింది," అంటారు.

శుక్రవారం పొద్దున వకుళ బీరువాలోకి దూరి తలుపు వేసుకుంటుంది. ఆమె రికార్డింగు అక్కడే చేస్తుంది. దుప్పట్ల మధ్య బయటి చప్పుళ్ళు రావు. బీరువా ఇవాళ లోపల పొడుగ్గా ఉంది, మూడు బల్లలు పట్టేంత. ఆమె చివరి దాకా నడిచి కూర్చుంటుంది. చెప్పవలసిన మాట సిద్ధంగా ఉంది. కంటికి ఒక్క చుక్క చాలు. నాకు ఒకటీ రెండూ చాలవు.

మొదటి వాక్యం హాయిగా వస్తుంది. రెండోది నోట్లోంచి వచ్చేసరికి చివర 'చాలు' అయిపోతుంది. పదిసార్లు చెప్పినా పదిసార్లూ 'చాలు'. చిన్నప్పుడు బంతిలో కూర్చుంటే, వడ్డించేవాళ్ళు తన దాకా రాకముందే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేది. ఈ పిల్లకి ఆకలుండదని చుట్టాలందరూ చెప్పుకునేవారు. ఆకలి ఉండేది. అడిగాక లేదంటారేమోనన్న భయం ఆకలికన్నా ముందు విస్తరి దగ్గరికి వచ్చి కూర్చునేది. తరవాత అది అలవాటయింది. ఆ తరవాత సుగుణం అయింది.

వకుళ మాటను విప్పి దుప్పటి మీద పరుచుకుని చూస్తుంది. చాలు, చాలవు. కొమ్ము ఉంది, అది 'లు' దగ్గర తీసుకోవచ్చు. లేనిది 'వ' ఒక్కటే. బీరువా అంతా వెతుకుతుంది. మడతల్లో లేదు, సొరుగులో లేదు. మధ్యాహ్నం దాటాక గుర్తొస్తుంది, తన పేరులో ఒకటి ఉంది. ఇన్నేళ్ళుగా ముందరే ఉంది, వాడలేదంతే. దాన్ని జాగ్రత్తగా ఊడదీస్తుంది. గోరువెచ్చగా ఉంది. కొమ్ము తగిలించి, అందులో పెట్టి, మైకు దగ్గరికి వంగుతుంది.

"కంటికి ఒక్క చుక్క చాలు. నాకు ఒకటీ రెండూ చాలవు. నాకు అయిదు కావాలండీ."

బీరువా తలుపు తెరిచేసరికి వరహాలమ్మ గారు పిలుస్తున్నారు. "కుళా! ఏమ్మా కుళా, అన్నం తిన్నావా?"

"లేదండీ," అంటుంది కుళ. "ఆకలేస్తోంది. పెట్టండి."

శనివారం ఏడు గంటల చుక్కకి ఊరంతటా ఆ గొంతు కొత్త మాట చెబుతుంది. జనం కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ఆలోచిస్తారు. కింద సత్యానందం మాస్టారు స్కూలు గ్రౌండులోలా అందరికీ వినిపించేలా లెక్కపెడతారు. "ఒకటి! రెండు! మూడు! నాలుగు! అయిదు! విశ్రామ్!" ఫ్లాటు చిన్నగా కదులుతుంది. స్టవ్ మీద పాలు పొంగవు, కాస్త పక్కకి వాలతాయంతే.

తొమ్మిదిన్నరకి రెండు ఇళ్ళ నేలలూ ఒక్కటవుతాయి. పావుగంట సేపు వరహాలమ్మ గారూ కుళా సమానమైన ఎత్తులో ఎదురెదురుగా నిలబడతారు. ఇద్దరూ ఒకరినొకరు ఇంత పొట్టి అనుకోలేదు. కాఫీ తాగుతారు. గ్లాసు కింద పెట్టేలోగా కుళ పాదాలు పైకి పోవడం మొదలవుతుంది.

"ఫ్యాను పోతోందమ్మాయ్," అంటారు వరహాలమ్మ గారు దిగులుగా. "అలవాటయింది."

"తలుపు తీసే ఉంచుతాను పిన్నిగారూ, రండి."

"వస్తాను. నువ్వేం పిలవక్కర్లేదు."

పన్నెండింటికి బెల్లు మోగుతుంది. తలుపు తీస్తే ఎస్తేరు సిస్టర్ మోకాళ్ళ నుంచి పైకే కనిపిస్తుంది.

"మీ గుమ్మం ఎత్తుగా ఉందండీ."

"నాలుగు పాయింట్ రెండండి సిస్టర్."

"ఎక్కువైతే ఫరవాలేదు." సిస్టర్ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కి వస్తుంది. కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెరుస్తుంది. "పేరు?"

"వ... ప్రస్తుతానికి కుళ అండీ."

"ముందు అక్షరం?"

"పనిలో ఉందండీ."

సిస్టర్ తల ఊపుతుంది. చాలామంది అలాగే ఉంటారన్నట్టు ఒక అక్షరం జాగా వదిలి మిగతాది రాస్తుంది. పెన్ను మూతపెట్టి అంటుంది, "ఇవాళ్టి నుంచే మొదలుపెట్టేద్దామండి. మొదటి పేషెంటుని వెంటబెట్టుకునే వచ్చాను. పొద్దున్నే ఆపరేషన్ అయింది. ఒంటరి మనిషి. వేసేవాళ్ళు ఎవరూ లేరు."

"అయ్యో, కిందే నించోబెట్టారా? పైకి తీసుకురావలసింది."

"కాస్త పెద్దావిడండి. లిఫ్టులో పట్టలేదు."

కుళ బాల్కనీలోకి వస్తుంది. కింద వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా సముద్రం వచ్చి నిలబడి ఉంది. ఆటోలూ తోపుడుబళ్ళూ పక్కకి జరిగి ఆవిడకి దారి ఇచ్చాయి. ఒంటి మీద ఒక్క అల లేదు. ఆసుపత్రిలో బల్ల మీద కూర్చున్న మనిషిలా హోరు బిగబట్టుకుని ఉంది. మధ్యలో, నాలుగు వీధులంత వెడల్పున, తెల్లటి దూదికట్టు.

ఇంత మంది చేత తల వాల్పించిన గొంతు కుళకి ఇప్పుడు ఫోనులో అవసరం లేదు. రెయిలింగు మీద మోచేతులు ఆనించి, ఆమె నోటితోనే చెబుతుంది.

"తల వెనక్కి వాల్చండమ్మా."

చాలా దూరంలో నీళ్ళ అవతలి అంచు కిందికి వంగుతుంది. పడవలు ఒక్కటొక్కటిగా అటు జారి, ఒకదానికొకటి ఆనుకుని ఆగుతాయి. ఇవతలి అంచు మెల్లగా లేచి, కరెంటు తీగలు దాటి, బాల్కనీ ఎత్తుకి వస్తుంది. దానికి ఉప్పు వాసనా కొత్త దుప్పటి వాసనా ఉన్నాయి. కుళ రెండు చేతులూ చాపి కట్టును కొసలు పట్టుకుని పక్కకి తీస్తుంది. వెండి చేపలు రెండు వరసలుగా, పైకీ కిందికీ విడిపోతాయి. వాటి మధ్య నుంచి, ఇంకా తడి ఆరని పెద్ద గోధుమరంగు కన్ను ఒకటి, ఊరిని మొట్టమొదటిసారి చూస్తోంది.