పక్క కుర్చీ

గొడుగు కర్రను రెండు చేతులతో పట్టుకుని, తిరగలి తిప్పినట్టు తిప్పుతూ ఇసుకలోకి దించుతున్నాడు. పైన ఇసుక పొడి, లోపల తడి. కర్ర తడి దాకా దిగితేనే గాలికి ఆగుతుంది. లేకపోతే లేచి ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. ఒక వేసవిలో అలాగే పడింది. కుట్లు ఓ పెద్దమనిషి నుదుటికి, తిట్లు ఇతనికి.

నగరం చివర, సముద్రానికి ఆనించి కట్టిన పార్కు అది. గోడ వైపు గడ్డి, జారుడుబల్లలు, ఉప్పు కడుక్కునే కుళాయిలు. నీళ్ళ వైపు ఇసుకలో వరసలుగా కుర్చీలు, వాటి మీద గొడుగులు. పార్కు తెరిచిన నాటి నుంచీ ఇతను గొడుగులాయన. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని పక్కకు తప్పుకుంటాడు.

మెడ వెనక చర్మం చెప్పు అడుగులా మొద్దుబారింది. కనుబొమల్లో ఉప్పు మెరుస్తుంది. మనుషుల మొహాలు చూడడు, కాళ్ళు చూస్తాడు. పొద్దు తిరిగేకొద్దీ నీడ జరుగుతుంది. ఎండ వచ్చి ముందు పాదాలు పట్టుకుంటుంది. కూర్చున్నవాడు గాఢనిద్రలో ఉన్నా సరే కాళ్ళు లోపలికి లాక్కుంటాడు. ఇతనికి అదే పిలుపు. వెళ్ళి గొడుగు వంచి, నీడను మళ్ళీ ఆ కాళ్ళ మీద కప్పి వస్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరికీ నీడ మోస్తాడు. తను మాత్రం ఎండలోనే. దీపం కిందే కదా చీకటి.

పొద్దు బారెడెక్కాక మెట్లు దిగి అతని భార్య వచ్చింది. చంకలో సంచి. లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసీ చేసీ ఉబ్బిన పాదాలు, చర్మంలోకి దిగిపోయిన చెప్పుల పట్టీలు.

"ఏంటి, ఇలా ఊడిపడ్డావ్?"

"బాయిలర్ మొరాయించింది. ఇళ్ళకి పొమ్మన్నారు."

"మరి ఇంటికి పోక?"

"ఇంట్లో గోడలున్నాయి. రోజూ చూస్తున్నవే." ఆగి ఊపిరి పీల్చుకుంది. "ఇన్నేళ్ళ కాపురంలో నీ పక్కన కూచుని సముద్రం చూడలేదయ్యా నేను. ఇవాళ చూడాలి. ఇంకేం అడగను. కాసేపు కూచో, చాలు."

అతను వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా సూపర్‌వైజర్ మెడలో ఈల ఊగుతోంది. అతన్ని అందరూ ఈల అనే అంటారు. ముసలాళ్ళకి ఈ వేసవితో పని సరి అని ఈల నోటి నుంచే జారింది. తుమ్మితే ఊడే ముక్కు. ఆ ముక్కు కోసమే గొడుగులాయన ఈ మధ్య నడవడం మానేసి ఉరుకుతున్నాడు.

"ఈ వరస అవగానే వస్తాలే," అన్నాడు.

ముందు వరసలో ఖాళీగా ఉన్న జత కుర్చీలు చూపించాడు. ఆమె ఒకదానిలో కూర్చుంది. రెండోదాని మీద, బస్సులో సీటు ఆపుకున్నట్టు, సంచిలోంచి అతని చారల తువ్వాలు తీసి పరిచింది. గాలికి పోకుండా ఒక కొస కుర్చీ చేతికి ముడేసింది. తలెత్తి గొడుగు చూసి నవ్వింది.

"ఇదిగో, నా ఆకుపచ్చ జాకెట్టు!"

చిరిగిన గొడుగులు అతను ఇంటికి తెచ్చేవాడు. ఆమె పాత బట్టలు కత్తిరించి మాసికలు వేసేది. పార్కులో ఆమె జాకెట్లన్నీ అలా ఎండకు నిలబడి ఉన్నాయి.

కాసేపటికి ఒక లావుపాటి ఆయన పిల్లాపాపలతో దిగాడు. ముందు వరసే కావాలన్నాడు. గొడుగులాయన ఆలోచించను కూడా లేదు. నేరుగా వచ్చి భార్య ముందు నిలబడ్డాడు.

"కొంచెం లే. వెనక వరసలో వేస్తా."

"నా జాకెట్టు నీడలోంచి నన్నే లేపుతావా?"

"మెల్లగా మాట్లాడు. వింటారు."

లేచింది. తువ్వాలు ముడి విప్పి, రెండో వరసలో మళ్ళీ కట్టింది. అక్కడా ఎంతోసేపు నిలవలేదు. కొత్తగా పెళ్ళయినట్టున్న జంట వచ్చి, ఆ రెండు కుర్చీల్నే చూసి ఆగారు. ఆమెను ఈసారి చివరి వరసకు తెచ్చాడు, కుళాయిల గోడ పక్కకి. అక్కడి నుంచి సముద్రం గుడ్డ అంచంత కనిపిస్తుంది. మిగిలినదంతా ముందు కూర్చున్నవాళ్ళ వీపులు.

"అక్కణ్ణించి ఇక్కడికి నడిస్తేనే ఆయాసమొస్తోంది. పొద్దున మెట్ల దగ్గరా ఇంతే," అంది, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని.

"ఎండ కదా. నీళ్ళు తాగు."

తువ్వాలు ముడేసింది. ఈసారి గట్టిగా, రెండు ముళ్ళు.

మధ్యాహ్నం ఇసుక పెనంలా కాలింది. అతను ఈ గొడుగు వంచి ఆ గొడుగు దగ్గరికి, అక్కణ్ణుంచి ఇంకోదానికి. ఆమె ఇడ్లీ పాత్రలా ఆవిరి కక్కే లాండ్రీని వదిలి వచ్చింది ఇతని ఉరుకులు చూడటానికా? మొదట్లో నవ్వుతూనే కేకేసింది.

"కాలు కాలిన పిల్లిలా ఏంటయ్యా ఆ తిరుగుడు! వచ్చి కూచో!"

"వస్తున్నా, వస్తున్నా."

ఎత్తు కుర్చీ మీద ఒంటికాలు ముడుచుకుని కూర్చునే గజ ఈతగాణ్ణి కొంగ అంటారు. వాడు పైనుంచి నవ్వాడు.

"పిన్నీ, బాబాయి వచ్చేసరికి సముద్రం ఇంకిపోతుంది!"

"ఇంకిపోతే ఆ అడుగున కూడా గొడుగు పాతుతాడురా," అంది.

ఆ తర్వాత ఆమె కేకెయ్యలేదు.

ఒకామె ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసి, ఇక్కడెవరైనా ఉన్నారా అని అడిగింది. "ఉన్నారు, మా ఆయన. వస్తాడు," అంది. అలా అడిగిన వాళ్ళందరికీ అదే మాట. ఆమె గొంతు తగ్గుతూ రావడం అడిగిన వాళ్ళకి తెలియదు. తెలియవలసిన మనిషి అంత దగ్గరికి రాలేదు.

పొద్దు వాలుతుండగా ఈల అతని పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మీ ఆవిడేనా? పోయి కూచోవయ్యా కాసేపు. నేను చూస్తాలే."

ఈల ఏనాడూ అనని మాట. గొడుగులాయనకి అనుమానమొచ్చింది. ముసలాడు అలిసిపోయాడని రాసుకోవడానికి ఇదో ఎత్తేమో.

"అబ్బే, నాకేం సార్! పని ఉంది," అని, అవసరం లేని గొడుగొకటి పీకి మళ్ళీ పాతాడు. ఈల భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. అందులో ఎత్తూ లేదు, గిత్తూ లేదు. వాళ్ళమ్మకీ అలాగే కాళ్ళు ఉబ్బుతాయి, అంతే.

వంచిన నడుం ఎత్తుతూ అలవాటుగా చివరి వరస కాళ్ళు చూశాడు. ఆమె పాదాల మీద ఎండ పడింది. ముడుచుకుంటుందిలే, అప్పుడు వెళ్దాం అనుకున్నాడు. లావుపాటాయన పాపకి కళ్ళలో ఎండ కొడుతోందంటే అటు వెళ్ళాడు. తిరిగి చూస్తే ఎండ మడమలు దాటి పిక్కల మీదికొచ్చింది. ఆమె కాళ్ళు లాక్కోలేదు. కోపమొచ్చింది కాబోలు, మొండిది, అనుకున్నాడు. మరో గొడుగు వంచాడు. మళ్ళీ చూశాడు. ఎండ మోకాళ్ళ మీద ఉంది.

ఇన్నేళ్ళలో ఎండకు కాలు తీయని మనిషిని అతను చూడలేదు.

పరుగెత్తలేదు. రోజంతా పరుగెత్తిన మనిషి అప్పుడు నడిచాడు. వెళ్ళి ముందు గొడుగు వంచాడు, నీడను ఆమె పాదాల దాకా లాగాడు. అప్పుడు గాని మొహం చూడలేదు. తల పక్క కుర్చీ వైపు వాలి ఉంది. నోరు కొంచెం తెరిచి ఉంది. ఎవరో అడిగితే చెప్పబోతున్నట్టు.

"ఏమేవ్," అన్నాడు. "ఇదిగో, వచ్చా."

కొంగ దూకి వచ్చి నాడి చూశాడు. తల దించుకుని, "బాబాయ్," అన్నాడు. ఈల జనాన్ని దూరం జరపడానికి ఊదాడు, మెల్లగా. మునిగిన వాళ్ళని మోసే గుడ్డ స్ట్రెచర్ తెచ్చి ఆమెను ఎత్తి, దుప్పటి కప్పారు. గోడవతల అంబులెన్స్ దాకా గొడుగులాయన పక్కనే నడిచాడు. చేతిలో గొడుగు లేదు. దుప్పటి జారినప్పుడల్లా ఆమె పాదాలు కప్పుతూ పోయాడు. వెనక ఎవరో, "ఆ నీడ ఖాళీయేనా?" అని అడుగుతున్నారు.

సాయంత్రం కుర్చీలన్నీ ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసు వేశారు. చివరి వరసలో ఒకటి మాత్రం, ఎవరో ఆపుకున్న చోటు కదా, వస్తారులే అని వదిలేశారు. చీకటి పడేదాకా దాని మీద చారల తువ్వాలు గాలికి లేస్తూ, పడుతూ ఉంది. కొస ముడి ఊడలేదు.